అంతర్జాలమున సొంత పేరు: అది ఎవరి సొత్తు?

పట్టణములో ఇంటిస్థలము కొన్నవాడు మొట్టమొదట చేయు పని రిజిస్ట్రారు కచేరికి పోయి దస్తావేజు వ్రాయించుకొనుట. చుట్టును గోడ కట్టినంత మాత్రమున ఆ స్థలము అతనిది కాదు. కచేరి పుస్తకములో అతని పేరు ఎక్కవలెను. ఆ పుస్తకమునకు మరియొక గుణము కలదు. తగిన రుసుము చెల్లించిన వారెవరైనను ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీసికొని, ఫలానా స్థలము ఎవరి పేరిట నున్నది, దానిమీద తనఖా ఏమైన నున్నదా అని తెలిసికొనవచ్చును. పుస్తకము రహస్యముగా నుండినచో ఒకే స్థలమును ముగ్గురికి అమ్ముట మోసగానికి చాల సులభమగును. కాబట్టి, సొత్తు నాది అని లోకము ఒప్పుకొనవలెనన్న, అది నాది అని లోకమునకు కొంత తెలియవలెను.

అంతర్జాలములోని పేర్లకును ఇట్టి పుస్తకమే ఒకటి ఉన్నది. ఈనాడు ఉపాధ్యాయులు తమ పాఠములను, విద్యార్థులు తమ ప్రయోగములను, రచయితలు తమ వ్రాతలను ప్రపంచమునకు అందించుటకు సొంతముగా ఒక డొమైన్ పేరు తీసికొనుచున్నారు. కాని స్థలము మాదిరి గాక, ఈ పేరును నమోదు చేయించుకొనునప్పుడు ఇచ్చిన ఇంటి చిరునామా, ఫోను నంబరు, ఈమెయిలు చాలకాలము పాటు ఏ దేశమువాడైనను, ఏ వేళనైనను, దమ్మిడీ ఖర్చు లేకుండ చూడగలిగెడివాడు. దాచుకొనవలెనన్న కోరిక ఒకవైపు, నాదని నిరూపించుకొనవలసిన అవసరము మరియొకవైపు. ఈ రెండింటికిని పుట్టిన పెనుగులాటయే ఈ వ్యాసమునకు విషయము.

పేరు వెనుక సంఖ్య

ఒక కంప్యూటరు మరియొక కంప్యూటరును గుర్తించునది పేరుతో కాదు, సంఖ్యతో. 192.0.2.1 వంటి నాలుగు భాగముల సంఖ్యను మనుష్యులు జ్ఞాపకముంచుకొనుట కష్టము కనుక పేర్లు ఏర్పడినవి. 1969లో అమెరికాలో ప్రారంభమైన ఆర్పానెట్‌లో మొదట కంప్యూటర్లు కొద్దిగా నుండెడివి. వాటి పేర్లు, సంఖ్యలు గల జాబితా ఒకటి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వమున ఒక బృందము నిర్వహించుచుండెను. ప్రతి కంప్యూటరును ఆ జాబితా ప్రతిని తన దగ్గర ఉంచుకొనెడిది. కొత్త యంత్రము చేరినప్పుడెల్ల జాబితా మారవలెను. అందరును మరల తెచ్చుకొనవలెను. ఇది ఎంతోకాలము సాగునది కాదు.

1983లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సంస్థలో పనిచేయుచుండిన పాల్ మాకపెట్రిస్ దీనికి ఉపాయము కనిపెట్టెను. జాబితా నంతటిని ఒకచోట నుంచక, అంచెలంచెలుగా పంచుట ఆ ఉపాయము. మన ఉత్తరముల మీది చిరునామాను చూడుడు. మనిషి పేరు, వీధి, ఊరు, జిల్లా, రాష్ట్రము అని చిన్నదానినుండి పెద్దదానికి పోవును. తపాలావారు మాత్రము దానిని క్రిందినుండి పైకి చదువుదురు. డొమైన్ పేరును కూడ అట్లే కుడినుండి ఎడమకు చదువవలెను. 'పాఠశాల.ఇన్' అని ఉన్నచో, మూల సర్వరు 'ఇన్ సంగతి ఫలానావారికి తెలియును' అని చెప్పును. వారు 'పాఠశాల సంగతి ఫలానా సర్వరుకు తెలియును' అని చెప్పుదురు. ఆ సర్వరు చివరకు సంఖ్య నిచ్చును. ఇదంతయు రెప్పపాటు కాలములో జరుగును.

ఈ పద్ధతిలో ప్రతి అంచెకు ఒక కరణముండవలెను గదా! డాట్ కామ్ అంచెకు వెరిసైన్ అను అమెరికా సంస్థ కరణము. మన దేశపు డాట్ ఇన్ అంచెకు నిక్సీ అను సంస్థ కరణము. 2005లో ఆ అంచె ప్రజలందరికిని తెరువబడినది. ఈ కరణమునకు రిజిస్ట్రీ అని పేరు. రిజిస్ట్రీ మనతో నేరుగా బేరమాడదు. నడుమ రిజిస్ట్రారు అను అంగడివాడుండును. మనము సొమ్ము కట్టునది అతనికి. మనకు రిజిస్ట్రెంటు, అనగా నమోదుదారు, అని పేరు. రిజిస్ట్రీ, రిజిస్ట్రారు, రిజిస్ట్రెంటు అను మూడు మాటలు ఒకటే పోలికతో నుండుట వలన విద్యార్థులు తికమకపడుదురు. ఇంతకంటె మంచి మాటలు వారికి దొరకకపోవుట విచారము. డాట్ కామ్ వంటి సామాన్య అంచెల కన్నిటికి పైన నియమములు చేయు సంస్థ ఐకాన్. అది 1998లో కాలిఫోర్నియాలో స్థాపింపబడినది.

కొనుట కాదు, కౌలు

అంగడివాడు 'మీ పేరు కొనుడు' అని ప్రకటన చేయును. ఆ మాట సరియైనది కాదు. ఒకేసారి పది సంవత్సరములకు మించి ఎవరును పేరు తీసికొనలేరు. గడువు తీరిన తరువాత మరల రుసుము కట్టనిచో పేరు పోవును. ఇది కౌలు వంటిది. డాట్ కామ్ క్రింద నమోదైన మొదటి పేరు 1985 మార్చి 15న అమెరికాలోని సింబాలిక్స్ అను కంప్యూటరు కంపెనీకి దక్కినది; అప్పుడు రుసుమే లేదు. 1995 సెప్టెంబరు నుండి, ఆనాటి ఏకైక నమోదు సంస్థయైన నెట్‌వర్క్ సొల్యూషన్స్, రెండు సంవత్సరములకు 100 డాలర్లు వసూలు చేయ నారంభించెను. సొమ్ము ప్రవేశించిన తరువాత వివాదములు ప్రవేశించుటకు ఆలస్యము కాలేదు.

అసలు ఇది ఆస్తియా, సేవయా? 2000లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము, అప్పు క్రింద జప్తు చేయుటకు డొమైన్ పేరు పనికిరాదనెను. అది ఒక సేవను గూర్చిన ఒడంబడిక మాత్రమే యని దాని భావము. మూడేండ్లు గడచిన తరువాత కాలిఫోర్నియా నుండి వచ్చిన అప్పీలులో మరియొక న్యాయస్థానము దీనికి భిన్నముగా చెప్పెను.

ఆ రెండవ కథ వినదగినది. గారీ క్రెమెన్ అను అతడు 1994లో ఒక పేరును నమోదు చేయించుకొనెను. మరుసటి యేడు స్టీఫెన్ కోహెన్ అను మోసగాడు, క్రెమెన్ కంపెనీ వ్రాసినట్లుగా ఒక దొంగ ఉత్తరమును నెట్‌వర్క్ సొల్యూషన్స్‌కు చేర్చెను. క్రెమెన్‌ను పనినుండి తొలగించితిమి, ఈ పేరు మాకు వద్దు, దానిని కోహెన్‌కు ఇచ్చుటకు మాకు అభ్యంతరము లేదు అని అందులో నుండెను. నమోదు సంస్థవారు క్రెమెన్‌కు ఒక్క ఫోనైన చేయక పేరును మార్చివైచిరి. పోయిన పేరు తిరిగి వచ్చుటకు 2000వ సంవత్సరము వరకు పట్టెను. కోహెన్ 6 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించవలెనని తీర్పు వచ్చెను గాని అతడు దేశము విడిచి పారిపోయెను. అప్పుడు క్రెమెన్ నమోదు సంస్థ మీద దావా సాగించెను. 2003లో తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము, డొమైన్ పేరు ఆస్తియే యనియు, దానిని పరుల పాలు చేసినవారు బాధ్యులు కావచ్చుననియు తేల్చెను. పేరును నమోదు చేయించుటను ఆ న్యాయస్థానము భూమి కచేరిలో స్థలమునకు హక్కు వ్రాయించుకొనుటతో పోల్చెను. మనము మొదట చెప్పుకొన్న పోలికయే!

మన దేశములో 2004 మే నెలలో సుప్రీంకోర్టు ఈ విషయమును విచారించెను. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు చెందిన సత్యం ఇన్ఫోవే అను సంస్థ 1999లో 'సిఫీ' అను మాటతో కొన్ని పేర్లు నమోదు చేయించుకొనెను. తరువాత మరియొక సంస్థ ఇంచుమించు అదే ఉచ్చారణ గల పేర్లు తీసికొనెను. డొమైన్ పేర్లకు ప్రత్యేకముగా చట్టము లేకపోయినను, వ్యాపార చిహ్నముల న్యాయము వాటికిని వర్తించునని సుప్రీంకోర్టు నిర్ణయించెను. అనగా, ముందు నమోదు చేసికొనుట ఒక్కటే హక్కుకు చాలదు; ఇతరుల పేరుప్రతిష్ఠలను వాడుకొనరాదు.

ఈ తగవులన్నిటిలోను న్యాయాధిపతి మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: పుస్తకములో ఎవరి పేరున్నది?

అందరును చూచు పుస్తకము

ఆ పుస్తకమును చదువు పద్ధతికి 'హూయిజ్' అని పేరు, ఇంగ్లీషులో 'ఎవరది?' అని అర్థము. దీని నియమపత్రము 1982లో వెలువడినది. ఆర్పానెట్‌లో సందేశములు పంపగల ప్రతి మనిషియు తన పేరు, తపాలా చిరునామా, ఫోను నంబరు, ఈమెయిలు నమోదు చేసికొనవలెనని అందులో కోరిరి. ఇందులో దురుద్దేశ మేమియు లేదు. ఆ వల వాడువారు విశ్వవిద్యాలయములవారు, సైనికశాఖవారు, పరిశోధకులు. ఒక యంత్రము చెడి వలనంతటిని పాడుచేయుచున్నచో దాని బాధ్యునికి వెంటనే ఫోను చేయవలెను. ఊరిలో నలుగురు డాక్టర్లున్నప్పుడు వారి ఇండ్లు అందరికి తెలిసియుండుట వంటిది ఇది.

తొంబదులలో వ్యాపారులు, ఆ వెనుక సామాన్యులు వలలోనికి వచ్చిరి. పుస్తకము మాత్రము పాతదే. కంపెనీ తన కార్యాలయపు చిరునామా ఇచ్చినచో నష్టము లేదు. వ్యక్తికి కార్యాలయమెక్కడిది? అతడిచ్చునది ఇంటి చిరునామా. 2001లో వ్యక్తుల కొరకే 'డాట్ నేమ్' అను అంచెను సృష్టించిరి. కాని దాని పుస్తకమును తెరిచియే యుంచవలెనా, మూయవలెనా యను తగవు దానితోపాటు వచ్చెను.

ఒక చిన్న పట్టణములో ఒక ఉపాధ్యాయిని మూఢనమ్మకములను ఖండించుచు తన సొంత పేజీలో వ్యాసములు వ్రాయుచున్నదనుకొందము. ఆమె వ్రాతలు గిట్టనివాడొకడు హూయిజ్‌లో చూచినచో అర నిమిషములో ఆమె ఇంటి నంబరు, ఫోను తెలియును. ఇక బెదిరింపులకు దారి దొరకినట్లే. ఇంత దూరము పోనక్కరలేదు. పేరు నమోదైన మరునాటినుండి 'మీకు వెబ్‌సైటు చేసి పెట్టుదుము' అని వరుసగా ఫోనులు వచ్చుట చాలమంది ఎరిగినదే. 2007లో ఐకాన్ భద్రతా సలహా సంఘము పరీక్షార్థము కొన్ని పేర్లు నమోదు చేసి చూడగా, హూయిజ్‌లో కనబడు ఈమెయిలు చిరునామాలకు చెత్త ఉత్తరములు ఎక్కువగా వచ్చుననియు, దాచినవాటికి తక్కువగా వచ్చుననియు తేలినది.

తెరిచిన పుస్తకమువలన మేలు లేకపోలేదు. దొంగ బ్యాంకు పేజీ పెట్టి సొమ్ము కాజేయువానిని పోలీసులు పట్టుకొనుటకు, ఒక వార్తాపత్రిక పేరిట ఎవడో కల్పితవార్తలు వ్రాయుచుండగా వానిని కనిపెట్టుటకు ఈ పుస్తకమే ఆధారము. కనుక మూసివేయుడని సులభముగా అనుటకు వీలులేదు.

బినామీ పద్ధతి

చిక్కున్నచోట వ్యాపారముండును. రిజిస్ట్రారులు ఒక ఉపాయమును అమ్మజూపిరి: 'మీ చిరునామా బదులు మా చిరునామా వ్రాసెదము, మీకు వచ్చు ఉత్తరములు మీకు పంపెదము'. ఇందులో రెండు రకములున్నవి; చూచుటకు ఒక్కటే వలె నుండును. మొదటి రకములో నమోదుదారు పేరు మీదే యుండును, చిరునామా మాత్రము వారిది. రెండవ రకములో నమోదుదారు పేరు కూడ వారిదే. ఈ రెండవదానిని మన తెలుగువారికి వివరింప నక్కరలేదు. అది అచ్చముగా బినామీ. పట్టా ఒకరి పేరిట, పంట మరియొకరిది. ఐకాన్ ఒడంబడికల ప్రకారము పుస్తకములో నెవరి పేరున్నదో వారే నమోదుదారులు. వాడుకొను హక్కును వేరొకరికి ఇచ్చినను ఆ బాధ్యత వారిదే. మీకును వారికిని మధ్యనున్న ప్రత్యేకపు ఒప్పందము తప్ప, పేరు మీదని చెప్పు కాగితము లోకములో మరియొకటి లేదు.

బినామీదారుడు మంచివాడైనంతవరకు ఫరవాలేదు. కాకపోయినచో?

అమెరికాలో రిజిస్టర్‌ఫ్లై అను రిజిస్ట్రారు కంపెనీ ఉండెడిది. చవకగా పేర్లు ఇచ్చుటచే దానికి ఖాతాదారులు వెల్లువగా వచ్చిరి. దాచిపెట్టు సేవను కూడ అది విరివిగా అమ్మెను. 2006 నాటికి ఫిర్యాదులు మొదలైనవి: గడువు పొడిగించుటకు సొమ్ము కట్టితిమి, ఆ సొమ్ము రిజిస్ట్రీకి చేరలేదు, మా పేరు పోయినది అని. దీనికి తోడు కంపెనీ యజమానులలో వారికే తగవులు వచ్చి న్యాయస్థానమునకు పోయిరి. 2007 మార్చిలో ఐకాన్ ఆ కంపెనీ అనుమతి రద్దు చేయుచున్నట్లు నోటీసు ఇచ్చెను. అప్పుడు తెలిసినది అసలు కష్టము. ఖాతాదారులను మరియొక రిజిస్ట్రారుకు అప్పగించవలెనన్న ఎవరి పేరు ఎవరిదో తెలియవలెను గదా! మామూలుగా నమోదు చేసికొన్నవారి సంగతి కొంత నయము. వారి వివరములు హూయిజ్‌లోనే ఉన్నవి. డబ్బు ఎక్కువ కట్టి దాచుకొన్నవారి గతియే హీనము. పుస్తకములో వారి స్థానమున కనబడునది మూతపడుచున్న ఆ కంపెనీ సేవయొక్క పేరే. ఆ ముసుగు వెనుకనున్న అసలు మనుష్యుల జాబితా కంపెనీ చేతిలోనే యుండెను. భద్రతకై వేసికొన్న తెరయే వారి హక్కును కప్పివేసినది.

2007 మే నెల చివర ఎనిమిదిన్నర లక్షలకు పైబడిన పేర్లను గోడాడీ అను మరియొక రిజిస్ట్రారుకు మార్చుటకు ఏర్పాటు జరిగెను. ఆ తరువాత ఐకాన్ రెండు పనులు చేసినది. రిజిస్ట్రారులు తమ నమోదు వివరముల ప్రతిని ఎప్పటికప్పుడు మూడవ సంస్థయొద్ద దాచియుంచవలె నను నియమమును 2007 చివరినుండి గట్టిగా అమలులో పెట్టెను. 2009 నాటి కొత్త ఒడంబడికలో, దాచిపెట్టు సేవను అమ్మువారు అసలు ఖాతాదారుని వివరములను కూడ అట్లు భద్రపరుపవలెననియు, లేనిచో 'మీ వివరములు భద్రపరుపబడుట లేదు' అని ముందుగానే స్పష్టముగా హెచ్చరింపవలెననియు చేర్చెను. ఈ రెండవ వాక్యమును గమనింపుడు. ఆ ఒడంబడికలో భద్రపరుపకపోవుట నేరము కాకుండెను; చెప్పకపోవుట మాత్రమే తప్పుగా నుండెను. సన్నని అక్షరములలో ఆ హెచ్చరికను చదువు ఓపిక ఎందరికి ఉండెడిది?

లోకమునుండి దాచుట వేరు, పుస్తకమునుండి దాచుట వేరు. ఇంటి చిరునామా లోకమునకు తెలియనక్కరలేదు. పుస్తకము వ్రాయువానికి మాత్రము నిజమైన పేరు తెలిసియే తీరవలెను. ఈ భేదము తెలియక కొందరు గోప్యత కొరకు తప్పుడు పేరు, లేని వీధి వ్రాయుచున్నారు. ఇది తన కొమ్మను తాను నరకుకొనుట. సామాన్య అంచెల నియమముల ప్రకారము తెలిసి తప్పు వివరములిచ్చినచో పేరు రద్దు చేయవచ్చును. వివరములను గూర్చి రిజిస్ట్రారు అడిగిన ప్రశ్నకు 15 దినములలో జవాబు రాకపోయినను అంతే. పైగా, రేపు ఎవడైనను ఆ పేరును దొంగిలించినచో, లేని వీధిలోని లేని మనిషిని నేనే అని ఏ మొగముతో చెప్పగలము?

2018 తరువాత

ఐరోపా సమాజము చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధనలు 2018 మే 25న అమలులోనికి వచ్చినవి. ప్రజల పేర్లను, చిరునామాలను వారి అనుమతి లేక లోకమునకు చూపుట ఆ నిబంధనలకు విరుద్ధమై, పెద్ద జరిమానాలకు గురియగునది. ఎన్నో సంవత్సరములుగా తేలని తగవు ఆ గడువునకు ఎనిమిది దినముల ముందు తేలినది. మే 17న ఐకాన్ తాత్కాలిక నియమములు చేసి, నమోదుదారుల వ్యక్తిగత వివరములను పైకి కనబడకుండ కప్పివేయుటకు ఒప్పుకొనెను. చట్టము కన్నెఱ్ఱ చేయనిదే సంస్థలు కదలవనుటకు ఇది మంచి ఉదాహరణము.

ఇందులోని విశేషమేమనగా, పుస్తకములో మీ పేరు మీ పేరుగానే యుండును. అందరికి చూపు ప్రతిలో మాత్రము ఆ గడి కప్పబడియుండును. బినామీ అవసరము చాలవరకు తగ్గినది. చూడవలసిన న్యాయమైన కారణము గలవారు అర్జీ పెట్టుకొనవలెను. అందుకై 2023 నవంబరులో ఐకాన్ ఒక ఏర్పాటు చేసెను. అర్జీని అంగీకరించుట, మానుట రిజిస్ట్రారు ఇష్టమైయుండుటచే దొంగ పేజీలను వెదకు నిపుణులు దీనితో తృప్తి పడలేదు. వారి అసంతృప్తి అకారణము కాదు. పాత హూయిజ్ పద్ధతి బదులు ఆర్‌డాప్ అను కొత్త పద్ధతి వచ్చినది. 2025 జనవరి 28 నుండి సామాన్య అంచెలలో హూయిజ్ నడుపవలెనను నిర్బంధము తొలగినది. కొత్త పద్ధతిలో అడిగినవానినిబట్టి ఎంత చూపవలెనో అంత చూపుటకు వీలున్నది.

మన దేశములో 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేయబడినది. డాట్ ఇన్ విషయములో ఒకటి గుర్తుంచుకొనదగును. అక్కడ బినామీ సేవలకు అనుమతి లేదు. అసలు మనిషి పేరే వ్రాయవలెను.

అయితే, ఒకసారి బయటపడిన చిరునామా తిరిగి లోపలికి పోదు. పాత హూయిజ్ పుటలను ఏండ్ల తరబడి పోగుచేసి అమ్ము వ్యాపారులున్నారు. 2018కి ముందు పేరు తీసికొన్నవారి వివరములు ఈనాడు కప్పబడియున్నను, పాత ప్రతులలో కనబడుచునే యుండును.

మన ఊళ్లలో జరుగునది

అమెరికా కంపెనీల సంగతి యటుంచి, మన పట్టణములలో పేరు పోవుటకు దారులు వేరు. పాఠశాలవారు గాని, వ్యక్తి గాని వెబ్‌సైటు చేసిపెట్టుమని ఊరిలోని డిజైనరును అడుగుదురు. అతడు పనివేగములో తన ఖాతాలోనే, తన పేరు, తన ఈమెయిలుతోనే డొమైనును కూడ నమోదు చేయును. దుర్బుద్ధి ఉండనక్కరలేదు. నాలుగేండ్ల తరువాత అతడు ఉద్యోగము మారి బెంగుళూరు పోవును. లేక సొమ్ము విషయములో మాట పట్టింపు వచ్చును. అప్పుడు చూడగా రుసుము కట్టినది పాఠశాల, పట్టాదారు డిజైనరు. క్రెమెన్‌కు అయిదేండ్లు పట్టిన పని మనకు ఎన్నేండ్లకు అగునో! కనుక డిజైనరుకు పని అప్పగించినను, ఖాతాను మాత్రము స్వయముగా తెరువవలెను. విద్యార్థులకు మరియొక సంగతి: 18 ఏండ్లు నిండనివారికి ఒప్పందము చేసికొను అర్హత మన చట్టములో లేదు. తండ్రి పేరిటనో తల్లి పేరిటనో తీసికొన్నచో, చట్టము దృష్టిలో నమోదుదారు వారే.

ఈమెయిలు విషయము ఇంతకంటె సూక్ష్మమైనది. పేరు గడువు తీరబోవుచున్నదని రిజిస్ట్రారు హెచ్చరికలు పంపునది ఖాతాలోని ఈమెయిలుకే. కొందరు ముచ్చటపడి అదే డొమైను మీది ఈమెయిలు చిరునామాను ఖాతాలో వ్రాయుదురు. గడువు తీరగనే ఆ డొమైను ఆగిపోవును. దానితోపాటు ఆ ఈమెయిలును ఆగిపోవును. ఇక చివరి హెచ్చరికలు ఎవరికి అందును? ఇల్లు తాళము వేసి తాళపుచెవి లోపల మరచినట్లు. కొత్తగా నమోదు చేసినప్పుడు ఈమెయిలును ధ్రువపరుపుమని వచ్చు జాబును కూడ అశ్రద్ధ చేయరాదు. 15 దినములలో ధ్రువపరుపనిచో పేరు పనిచేయుట నిలిచిపోవచ్చును.

గడువు మరచుట సామాన్యులకే కాదు, గొప్పవారికిని కలదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ కంపెనీ 'పాస్‌పోర్ట్.కామ్' అను తన పేరుకు రుసుము కట్టుట మరచెను. హాట్‌మెయిల్ వాడువారు క్రిస్మస్ నాడు తమ ఉత్తరములు తెరువలేకపోయిరి. కారణము గ్రహించిన ఒక ప్రోగ్రామరు తన జేబులోనుండి 35 డాలర్లు కట్టగా పని చక్కబడినది! అట్టి ఉపకారి అందరికి దొరకడు. డాట్ కామ్ వంటి అంచెలలో గడువు తీరిన తరువాత రిజిస్ట్రారుకు 45 దినముల వరకు వ్యవధి యుండును. అందులో మనకు ఎంత యిచ్చునది అతని దయ. తరువాత పేరు తొలగింపబడినచో 30 దినముల వరకు ఎక్కువ రుసుముతో విడిపించుకొనవచ్చును. ఆ పైన అయిదు దినములు. అటు పిమ్మట ముందు వచ్చినవానిదే పేరు.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తరగతిలో ప్రయోగముగా చేయించవచ్చును. ఐకాన్‌వారి వెదకు పుటను తెరిచి, ఎరిగిన పేరు నొకదానిని అడుగవలెను. తెలుగు లిపిలోని 'డాట్ భారత్' అంచె క్రింది పేరు నడిగినచో అది 'ఎక్స్‌ఎన్' అని మొదలగు వింత లాటిన్ అక్షరములుగా కనబడి విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. 2011లో ఆ అంచె చేరినను, లోపలి యంత్రాంగము ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, అడ్డగీత తప్ప ఎరుగదు. పట్టికలో రిజిస్ట్రారు ఎవరు, పేరు పుట్టిన తేదీ, గడువు తేదీ కనబడును. నమోదుదారు పేరుండవలసిన గడి చాలమట్టుకు కప్పబడియుండును. రాష్ట్రము, దేశము కనబడవచ్చును. అక్కడ బినామీ సేవ పేరున్నదా, కప్పబడిన గడి మాత్రమే యున్నదా యని పోల్చి చూపవలెను. 'క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్' అను మాటలు కనబడినచో కంగారు పడనక్కరలేదు. పేరును మరియొక రిజిస్ట్రారుకు తరలింపకుండ తాళము వేసియున్నదని దాని అర్థము. 'రిడెంప్షన్ పీరియడ్' అని కనబడినచో పట్టాదారునికి ఫోను చేయవలసిన సమయము వచ్చినది. ఆ గడియే 'పెండింగ్ డిలీట్' అని మారినచో ఫోను చేసియు లాభము లేదు.